ఆశీర్వాదాల పట్టికతో పది రోజులు: ఒక పరిశుద్ధ స్థల యాత్ర ప్యాకేజీ సమీక్ష

2023 ఫిబ్రవరిలో నేనూ నా భార్యా హైదరాబాదు నుంచి బయలుదేరే ఒక ట్రావెల్స్ వారి ప్యాకేజీలో జోర్డాన్, ఇశ్రాయేలు, ఈజిప్టు దేశాలు చూసి వచ్చాము. తొమ్మిది రాత్రులు, పది పగళ్లు. మనిషికి 1,18,000 రూపాయలు కట్టాము. డ్రైవర్లకూ గైడ్లకూ ఇచ్చే టిప్పుల పేరిట మరో 70 డాలర్లు విమానాశ్రయంలోనే వసూలు చేశారు. ఆ అక్టోబరులో యుద్ధం మొదలై యాత్రలు ఆగిపోయినప్పుడు ఈ సమీక్ష రాసి ఏం లాభమని ఊరుకున్నాను. మా సంఘంలో కొందరు మళ్ళీ యాత్ర మాట ఎత్తుతూ, ఆ ప్యాకేజీ ఎలా ఉంటుందని నన్ను అడుగుతున్నారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పను. నేను ఎత్తి చూపబోయే లోపం ఆ ఒక్క సంస్థది మాత్రమే కాదని, తర్వాత మరో నాలుగైదు సంస్థల కరపత్రాలు తెప్పించుకుని చదివాక నాకు అర్థమైంది.

ముందుగా వారికి దక్కవలసిన మెప్పు దక్కాలి. వీసాల విషయంలో మాకు ఏ చిక్కూ రాలేదు. మూడు దేశాల సరిహద్దులు దాటేటప్పుడు నలభై రెండు మందిమీ ఒక్కరు కూడా తప్పిపోకుండా, ఒక్క పెట్టె కూడా పోకుండా చూశారు. బస్సులు శుభ్రంగా ఉన్నాయి. మధ్యాహ్నం అక్కడి రొట్టెలూ సెనగల ముద్దా పెట్టినా, రాత్రికి అన్నం, పప్పు, ఏదో ఒక కూర తప్పకుండా ఉండేవి. డెబ్బై దాటిన వారికి మెట్లు తక్కువగా ఉండే దారి ముందుగానే అడిగి పెట్టారు. ఆవకాయ సీసాలు ఎవరివి వారే తెచ్చుకున్నారన్నది వేరే సంగతి. కేవలం ప్రయాణ ఏర్పాట్లకే మార్కులు వేయాలంటే ఐదింట నాలుగున్నర నిరభ్యంతరంగా వేస్తాను.

నా ఫిర్యాదంతా ఆ కరపత్రం దగ్గర మొదలవుతుంది. అందులో ప్రతి స్థలం పేరుకూ ఎదురుగా ఒక ఆశీర్వాదం అచ్చువేశారు. కానా ఊరికి ఎదురుగా దాంపత్య ఆశీర్వాదం, యొర్దానుకు ఎదురుగా స్వస్థత, కర్మెలు పర్వతానికి ఎదురుగా శత్రువులపై విజయం, బేత్లెహేముకు ఎదురుగా సంతానం, యెరూషలేముకు ఎదురుగా 'సకల కార్యసిద్ధి'. దేవస్థానాల ముందు ఆర్జిత సేవల బోర్డు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. రుసుము మాత్రం విడివిడిగా కాక మొత్తంగా కట్టించుకున్నారు. గుంటూరు లూథరన్ కుటుంబంలో పుట్టినవాణ్ణి నేను. కతోలికుల గుణదల మాత తిరునాళ్లలో కొబ్బరికాయలు కొట్టేవారినీ తలనీలాలు ఇచ్చేవారినీ చూసి మావాళ్లు ఎంత చులకనగా మాట్లాడతారో చిన్నప్పటి నుంచీ విన్నాను. ఆ మాట్లాడినవారిలో కొందరు ఈ కరపత్రాన్ని బైబిలు మధ్య దాచుకుని విమానం ఎక్కారు.

మొదటి రోజు అమ్మాను నుంచి నెబో కొండకు తీసుకువెళ్ళారు. మోషే వాగ్దత్త దేశాన్ని చూసి చనిపోయిన కొండ అది. కొండ మీద, చర్చికి ముందున్న చూపు మేడ దగ్గర, ఇటలీ శిల్పి జియోవన్ని ఫాంటోని చేసిన పెద్ద లోహపు శిల్పం ఒకటి నిలబడి ఉంది: సిలువలాంటి స్తంభం, దాన్ని చుట్టుకున్న సర్పం. అరణ్యంలో పాము కాటుకు గురైనవారు చూసి బ్రతికిన ఇత్తడి సర్పానికీ, యోహాను సువార్త మూడవ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటకూ అది గుర్తు. దాని కింద ఫోటోలకు వరుస కట్టారు. మా బస్సులోని ఒక పెద్దావిడ చెప్పులు విడిచి, రెండు చేతులతో స్తంభాన్ని తాకి కళ్ళకు అద్దుకుంది. ఆమెను తప్పుపట్టే మనసు నాకు రాలేదు, ఆమె మోకాళ్ళ నొప్పులు నిన్నటి నుంచీ వింటున్నాను. అయితే ఆ ఇత్తడి సర్పం తర్వాత ఏమైందో మా ఆత్మీయ నాయకుడిగా వచ్చిన పాస్టరుగారు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. రాజుల రెండవ గ్రంథం పద్దెనిమిదవ అధ్యాయంలో హిజ్కియా రాజు దాన్ని ముక్కలు ముక్కలు చేశాడు. దేవుడే చేయమన్నాడు, మోషేయే చేశాడు, దాన్ని చూసి మనుషులు నిజంగానే బ్రతికారు, అయినా ఇశ్రాయేలీయులు దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు కాబట్టి పగలగొట్టక తప్పలేదు. అన్యదేవతల విగ్రహం కంటే ఇది కష్టమైన సంగతి. అబద్ధపు వస్తువు విగ్రహం కావడంలో వింత లేదు. మేలు చేసిన వస్తువే విగ్రహమైనప్పుడు దాన్ని వదులుకోవడానికి చెయ్యి రాదు.

అదే కొండ మీద ఇంకో సంగతి కూడా ఉంది. మోషేను లోయలో పాతిపెట్టారనీ, అతని సమాధి ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదనీ ద్వితీయోపదేశకాండం చివరి అధ్యాయం చెబుతుంది. ఆ సమాధి కనిపించే ఉంటే ఈపాటికి దాని మీద ఎన్ని గుమ్మటాలు లేచేవో, ఎన్ని సంఘాలు దాని తాళంచెవుల కోసం వ్యాజ్యమాడుకునేవో యెరూషలేము వెళ్ళాక నాకు తెలిసివచ్చింది. నెబో మీద మాకు కేటాయించింది నలభై ఐదు నిమిషాలు. ఆ రెండు వాక్యభాగాలు చదవడానికి ఐదు నిమిషాలు చాలు.

ఉత్తరాన వంతెన దాటి గలిలయలో అడుగుపెట్టాము. పాస్‌పోర్టులో ముద్ర కొట్టరు, చిన్న నీలిరంగు చీటీ ఇస్తారు, దాన్ని పారేసుకోకండి. గలిలయ సముద్రం నుంచి యొర్దాను నది బయటికి వచ్చే చోట యార్దెనిత్ అనే బాప్తిస్మ స్థలం ఉంది. 1981లో ఏర్పాటైన దీన్ని కిన్నెరెతు కిబ్బుట్జు (ఉమ్మడి సేద్యపు గ్రామం) వారు నడుపుతున్నారు. యేసు బాప్తిస్మం పొందినట్టు సంప్రదాయం చెప్పే చోటు ఇది కాదు. అది ఇంకా దక్షిణాన, యెరికోకు దగ్గరగా ఉంది. 1967 యుద్ధం తర్వాత ఆ తీరం సైనిక ప్రాంతమై, మందుపాతరలు నిండి, యాత్రికులకు మూతబడింది. అందుకే ఇక్కడ ఈ ఏర్పాటు వచ్చింది. పశ్చిమ ఒడ్డున ఉన్న కస్ర్ అల్-యహూద్ 2011లో మళ్ళీ తెరుచుకుంది. ఎదుటి ఒడ్డున, జోర్డాన్ వైపున్న అల్-మఘ్తస్‌ను 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. రెండు ఒడ్లకు మధ్య బురద నీళ్లు కొద్ది గజాల వెడల్పు మాత్రమే. ఈ వివరాలన్నీ మా గైడు సక్రమంగా, దాచకుండా చెప్పాడు, అతనికి ధన్యవాదాలు. అయితే అతను చెబుతున్నంతసేపూ మావాళ్ళు తెల్ల అంగీలు అద్దెకు తీసుకునే వరుసలో ఉన్నారు.

ఆ తర్వాత జరిగినదే నాకు నేటికీ మింగుడుపడదు. మా పాస్టరుగారు ఇరవై ఆరు మందికి మళ్ళీ బాప్తిస్మమిచ్చారు. వారిలో చాలామంది సొంత ఊళ్ళలో చెరువులోనో, కాలువలోనో, చర్చి తొట్టిలోనో బాప్తిస్మం పొందినవారే. 'ప్రభువు ఒక్కడే, విశ్వాస మొక్కటే, బాప్తిస్మ మొక్కటే' అన్న వాక్యం ఇంట్లో గోడకు వేలాడదీసుకున్నవారు కూడా ఉన్నారు. నేను మెల్లగా "అయ్యగారూ, వీళ్ళకు ఒకసారి అయింది కదండీ" అన్నాను. ఆయన నవ్వి, "అది ఊళ్ళో అండీ, ఇది యొర్దాను" అన్నారు. ఆ జవాబులో అంతా ఉంది. ఊళ్ళో ముంచిన పాస్టరు పలికినదీ తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమే, ఇక్కడ పలికినదీ అదే నామం. తేడా నీళ్ళది మాత్రమే. ఆ నీళ్ళకు నామాన్ని మించిన బలం ఉందనుకున్న చోటే స్థలం విగ్రహమవుతుంది. సిరియా సేనాధిపతి నయమాను కూడా, కుష్ఠు పోవడానికి యొర్దానులో మునగమన్నప్పుడు, మా ఊరి నదులు మంచివి కావా అని కోపగించుకున్నవాడే; అతను యొర్దానును చిన్నచూపు చూశాడు, మనం నెత్తిన పెట్టుకున్నాం, ఇద్దరమూ నీటినే చూశాము.

నా సంగతి కూడా దాచకూడదు. తెనాలిలో ఉన్న మా అక్కకు మోకాళ్ళు సరిగా పనిచేయవు. ఆమె అడగకపోయినా ఒక చిన్న సీసాలో ఆ నీళ్ళు పట్టి, మూతకు టేపు చుట్టి పెట్టెలో దాచాను. ఏ నమ్మకంతో పట్టానని అప్పుడెవరైనా అడిగి ఉంటే జ్ఞాపకార్థమని చెప్పి ఉండేవాణ్ణి.

కపెర్నహూములో మాత్రం ఈ ప్యాకేజీ నాకు చాలా ఇచ్చింది. నల్లరాతి గోడల మీద, పేతురు ఇల్లని చెప్పే చోట, పాత ఎనిమిది కోణాల చర్చి శిథిలాల పైన 1990లో కట్టిన ఆలయం నేలలో అద్దం వేసి ఉంది; దాని గుండా కిందికి చూడవచ్చు. తాకడానికి ఏమీ లేదు, ముద్దు పెట్టుకోవడానికి ఏమీ లేదు, చూడటమే. గేటు దగ్గర 'యేసు పట్టణం' అని రాసి ఉంది. ఆ పట్టణాన్నే ప్రభువు 'ఆకాశము మట్టునకు హెచ్చింపబడెదవా?' అని గద్దించాడు. ఆయన అక్కడే నివసించాడు, అక్కడి సమాజమందిరంలో బోధించాడు, అక్కడి రోగులను ముట్టాడు. అయినా ఊరికి ఊరు మారలేదు. ఆయన పాదాలు తగిలిన నేలపై పుట్టి పెరిగినవారికే ఆ నేల ఏమీ చేయలేకపోయినప్పుడు, బస్సు దిగి గంట నిలబడినవారికి ఏమి చేస్తుంది? ఈ ప్రశ్న వేసుకోవడానికి లోకంలో ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ కరపత్రంలో కపెర్నహూముకు ఎదురుగా 'గృహ ఆశీర్వాదం' అని ఉంది, మావాళ్ళు ఇంటి ఫోటోలు పట్టుకుని ప్రార్థన చేశారు. గద్దింపు చదివినవారు లేరు.

పెళ్ళి విందులో యేసు నీళ్ళను ద్రాక్షారసం చేసిన కానాలో దంపతులందరినీ నిలబెట్టి ప్రమాణాలు మళ్ళీ చేయించారు. నలభై ఒక్క ఏళ్ళ కాపురం తర్వాత నా భార్య నా చెవిలో "ఏమండీ, మొదటిసారి చేసినవి చాలలేదంటారా?" అంది. ద్రాక్షారసం సీసాలు కొనిపించారు. గలిలయ సముద్రంలో పడవ మీద మన జెండా ఎగరేసి జనగణమన పాడించారు. అది సరదాగానే ఉంది.

బేత్లెహేములో నేను చేతి గడియారం చూసి లెక్క రాసుకున్నాను. జనన ఆలయం బయటా లోపలా వరుసలో నిలబడింది రెండు గంటల పది నిమిషాలు. గుహలో గడిపింది మూడు నిమిషాల లోపు. ఆ వెంటనే తీసుకువెళ్ళిన ఒలీవ చెక్క బొమ్మల దుకాణంలో గంటా నలభై నిమిషాలు. దుకాణం వారు టీ ఇచ్చారు, కుర్చీలు వేశారు, మర్యాదకు లోటు లేదు. వేరే దుకాణానికి వెళ్ళడానికి మాత్రం బస్సు తలుపు తెరుచుకోలేదు. ఆలయం ప్రధాన ద్వారం మనిషి నడుము వంచితే గాని దూరలేనంత పొట్టిది. దాన్ని వినయ ద్వారమంటారు, వంగి వెళ్ళడం నాకు నచ్చింది. లోపల పాలరాతి నేలలో పద్నాలుగు కోణాల వెండి నక్షత్రం ఉంది. 1847లో ఆ నక్షత్రం మాయమైంది. ఎవరి హక్కు, ఎవరి దొంగతనమన్న తగాదా పెరిగి, ఫ్రాన్సు, రష్యాలు తలదూర్చి, కొన్నేళ్ళకు క్రిమియా యుద్ధానికి దారితీసిన కారణాల్లో అదొకటైంది. సమాధానకర్తయగు అధిపతి పుట్టిన చోటుకు గుర్తుగా పెట్టిన వెండి ముక్క గురించి ఇది.

ఇక యెరూషలేము. యేసును సిలువ వేసి సమాధి చేసిన చోటని సంప్రదాయం చెప్పే పరిశుద్ధ సమాధి ఆలయంలో మాకు ఇచ్చింది ముప్పావు గంట. ఈ ప్యాకేజీలో అతి పెద్ద తప్పు ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

కాన్‌స్టంటైన్ చక్రవర్తి కట్టించి 335లో ప్రతిష్ఠించిన ఆలయం, 1009లో ఖలీఫా అల్-హాకిం ఆజ్ఞతో కూల్చబడి, మళ్ళీ లేచి, 1149 నాటికి క్రూసేడర్ల చేతిలో ఇప్పటి రూపానికి దగ్గరగా వచ్చిన కట్టడం అది. గ్రీకు ఆర్థడాక్సు, రోమన్ కతోలిక, అర్మేనియా, కాప్టిక్, ఇతియోపియా, సిరియా సంఘాలు ఆరూ దాన్ని పంచుకుంటాయి. ఎవరి దీపం ఎక్కడ, ఎవరు ఏ మెట్టు ఊడవాలి, ఎవరి ఊరేగింపు ఏ వేళకు అన్నవన్నీ 1852 నాటి ఒట్టోమను సుల్తాను ఫర్మానా (రాజాజ్ఞ) ప్రకారం యథాతథంగా సాగాలి. ముఖద్వారం పైన కిటికీకి ఆనించిన చెక్క నిచ్చెన ఒకటి ఉంది. 1728 నాటి చిత్రంలో కూడా అది కనిపిస్తుంది. దాన్ని కదిలించే హక్కు ఎవరిదో తేలక అక్కడే ఉండిపోయింది. తాళంచెవిని తరతరాలుగా ఒక ముస్లిం కుటుంబం దాచితే, తలుపు తీసేది ఇంకో ముస్లిం కుటుంబం. 2002 వేసవిలో పైకప్పు మీద కాపలా కూర్చున్న ఒక కాప్టిక్ సన్యాసి ఎండకు తాళలేక కుర్చీని నీడలోకి జరుపుకున్నాడు. అది తమ హద్దులోకి చొరబాటేనని ఇతియోపియా సన్యాసులు తలపడ్డారు, పదకొండు మంది ఆసుపత్రి పాలయ్యారు. మన ఊళ్ళో చర్చి స్థలం గురించి కోర్టుకెక్కిన రెండు వర్గాల పెద్దలను తీసుకువెళ్ళి ఆ నిచ్చెన చూపించాలి. చూసి సిగ్గుపడతారో, మనమే నయమని సంతోషపడతారో చెప్పలేను.

ద్వారం దాటగానే నేల మీద ఎర్రటి రాతి పలక ఉంటుంది, ప్రభువు దేహానికి సుగంధ ద్రవ్యాలు పూసిన చోటని దాన్ని అభిషేక శిల అంటారు. ఇప్పుడున్న పలక 1808 అగ్నిప్రమాదం తర్వాత, 1810లో వేసింది. ఈ ముక్క గైడు చెప్పాడు కూడా. అయినా మావాళ్ళు మోకరించి, సంచులు విప్పారు. ఒకామె కొత్త రుమాళ్ళు డజను తెచ్చి ఒక్కొక్కటే రాతి మీద పరిచి, అరచేత్తో అదిమి, మడిచి, మళ్ళీ సంచిలో సర్దింది. ఇంకొకాయన కొడుకు పాస్‌పోర్టు నకలు పెట్టి రుద్దాడు; అబ్బాయికి అమెరికా వీసా రెండుసార్లు తిరస్కరించారట. ఒకరు షుగరు మాత్రల స్ట్రిప్పు పెట్టారు, ఒకరు పొలం పాస్‌బుక్కు పెట్టారు. వెనుక నిలబడ్డ రష్యా యాత్రికురాలు కూడా అదే పని చేస్తోంది, ఆమె చేతిలో కొవ్వొత్తులు. అందరి ముఖాల్లోనూ నిజమైన కన్నీళ్ళే ఉన్నాయి. అందుకే దీన్ని వెక్కిరింపుగా రాయలేకపోతున్నాను. కన్నీళ్ళు వచ్చినవి ప్రభువు కోసమా, వీసా కోసమా అని విడదీసే అధికారం నాకు లేదు. కానీ అదే కన్నీటి ప్రార్థన తెనాలిలోనూ తణుకులోనూ వినబడుతుందని వారికి నచ్చజెప్పవలసిన మనిషిని మేము డబ్బిచ్చి వెంట తెచ్చుకున్నాము. ఆయన అప్పుడు తన నూనె సీసాను ఆ రాతికి తాకిస్తున్నారు. తిరిగి వచ్చాక ఆ నూనె బొట్టు బొట్టుగా ఎందరికి చేరిందో నాకు తెలుసు.

ఇది ఈనాటి జబ్బు కాదు. 380ల్లో యెరూషలేముకు వచ్చిన ఎగేరియా అనే భక్తురాలు, సిలువ మ్రానును ముద్దు పెట్టుకోవడానికి జనం వచ్చినప్పుడు పరిచారకులు చుట్టూ నిలబడి కాపలా కాసేవారని రాసింది. అంతకుముందు ఎవరో ముద్దు పెట్టుకుంటున్నట్టు వంగి ఒక ముక్కను పంటితో కొరికి పట్టుకుపోయారట. ఆ కాలంలోనే నిస్సా బిషప్పు గ్రెగొరీ యెరూషలేము చూసి వచ్చి, స్థలం మారినంత మాత్రాన దేవుడు దగ్గర కాడనీ, కృప అక్కడే ఎక్కువైతే అక్కడివారిలో పాపం అంతగా ఎందుకుంటుందనీ ఒక ఉత్తరంలో నిలదీశాడు. బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోము ఏళ్ళ తరబడి బేత్లెహేములోనే నివసిస్తూ, పరలోక ద్వారం యెరూషలేము నుంచి ఎంత దగ్గరో బ్రిటన్ నుంచీ అంతే దగ్గరని స్నేహితుడికి రాశాడు. తాను మాత్రం బేత్లెహేము వదిలి కదల్లేదు. ఆయన మీద నాకు గౌరవం పెరగడానికి అదీ ఒక కారణం. స్థలం మీద ప్రేమ ఉండవచ్చు, దానికి శక్తిని అంటగట్టనక్కరలేదు.

సమాధి గూడులోకి వంగి వెళ్ళడానికి మిగిలిన సమయమంతా పోయింది. లోపల ఇరవై సెకన్లు. 2016, 2017 సంవత్సరాల్లో ఏథెన్సు సాంకేతిక విశ్వవిద్యాలయం వారు దాన్ని మరమ్మతు చేసి, 1947లో బ్రిటిషు వారు బిగించిన ఇనుప కట్లు తీసివేశారు. రాయి శుభ్రంగా, లేతరంగులో ఉంది. ఆ ఇరవై సెకన్లలో నేను ప్రార్థన చేయలేదు. వెనుకవాళ్ళు తోస్తుంటే జేబు తడుముకున్నాను.

పడమటి గోడ దగ్గర చీటీల తతంగం జరిగింది. ఊళ్ళో సంఘస్థుల దగ్గర తలా 500 రూపాయల కానుకతో పోగుచేసిన ప్రార్థన చీటీల కట్టను పాస్టరుగారు రాళ్ళ సందుల్లో దోపారు. ఆ సందుల్లోని చీటీలను ఏడాదికి రెండుసార్లు తీసి ఒలీవల కొండ మీద పాతిపెడతారు. యూదులు తమ విరిగిన దేవాలయం కోసం దుఃఖపడే చోట మనం వసూలు చీటీలు దోపడం ఏమి మర్యాదో నాకు తోచలేదు. 'ఈ స్థలము యెహోవా ఆలయము' అని ముమ్మారు చెప్పుకుని దాన్నే ఆధారం చేసుకున్నవారిని యిర్మీయా ఏడవ అధ్యాయంలో మందలించింది ఈ గుట్ట మీది ఆలయ ద్వారంలోనే.

మర్నాడు ఉదయం తోట సమాధికి వెళ్ళాము. పాత నగరపు గోడ బయట, దమస్కు ద్వారానికి దగ్గరగా ఉంది. 1883లో ఇంగ్లీషు సేనాని గోర్డన్ దీని పక్కనున్న గుట్టనే యేసును సిలువ వేసిన గొల్గొతా అని నమ్మాడు. 1894 నుంచి ఒక బ్రిటిషు సంఘం చూసుకుంటోంది. ఈ సమాధి యేసు కాలానికి ఏడెనిమిది వందల ఏళ్ళ ముందరిదని పురావస్తు పరిశోధకుడు గాబ్రియెల్ బార్కాయ్ తేల్చాడు. మా ప్రొటెస్టెంటు వారికి మాత్రం ప్రాణమంతా ఇక్కడే, ఎందుకంటే ధూపం లేదు, పటాలు లేవు, పూలమొక్కలున్నాయి. మాకు వివరించిన వృద్ధ స్వచ్ఛంద సేవకుడు చాలా స్పష్టంగా, ఇదే ఆ చోటని మేము వాదించము, చోటు ముఖ్యం కాదు, లేచినవాడు ముఖ్యం అన్నాడు. పది రోజుల్లో ఆ మాట చెప్పినవాడు ఆయనొక్కడే. తలుపు మీద 'ఆయన ఇక్కడ లేడు' అన్న దూత మాట చెక్కి ఉంది. మావాళ్ళు ఆ తలుపుకు ఆనుకుని ఒక్కొక్కరే ఫోటో దిగారు. రాత్రి బస్సులో, అసలు సమాధి అదేననీ నిన్న చూసినది కతోలికుల కల్పననీ వాదించుకున్నారు. విగ్రహం మాకూ ఉంది, ధూపం వాసన రానిది.

మత్తయి ఇరవై ఎనిమిదవ అధ్యాయంలో దూత మాటల వరుసను నేను అక్కడ బల్ల మీద కూర్చుని మళ్ళీ చదివాను. ఆయన ఇక్కడ లేడు. రండి, ప్రభువు పండుకొనిన స్థలము చూడండి. త్వరగా వెళ్ళి చెప్పండి. స్థలం చూడమన్న మాట ఉంది, దాన్ని కాదనలేము. 'లేడు' అన్న మాటకూ 'వెళ్ళండి' అన్న మాటకూ నడుమ ఉంది. ఏ ప్యాకేజీనైనా ఈ వరుసతో తూచవచ్చు: మాది మధ్య మాటనొక్కదాన్నే అమ్మింది.

ఈజిప్టు భాగం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సీనాయి ఎక్కడం అర్ధరాత్రి మొదలవుతుంది, చలి గట్టిగా ఉంటుంది, మోకాళ్ళు బాగున్నవారే వెళ్ళండి. సీనాయికే మరో పేరైన హోరేబు చేరడానికి నలభై పగళ్ళు నడిచి వచ్చిన ఏలీయా ప్రవక్తను దేవుడు 'ఇచ్చట నీవేమి చేయుచున్నావు?' అని అడిగాడు, వచ్చిన దారినే పనిమీద తిరిగి పంపాడు. శిఖరం మీద అది చదివి వినిపించింది ఒక ఇంటర్ చదివే అమ్మాయి. పిరమిడ్ల దగ్గర గంటసేపు ఎక్కువే ఇచ్చారు.

డబ్బు గురించి ఒక మాట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యెరూషలేము యాత్రకు ఆర్థిక సాయం చేస్తూ వచ్చింది. 2019లో దాన్ని మూడు లక్షల లోపు వార్షికాదాయం ఉన్నవారికి 40,000 నుంచి 60,000 రూపాయలకు, ఆపై వారికి 20,000 నుంచి 30,000కు పెంచారు. నేను ఆ సాయం తీసుకోలేదు. తీసుకున్నవారిని తప్పుపట్టను. అయితే మా బస్సులో ఇద్దరు విధవరాండ్రు సాయం పోగా మిగిలిన సొమ్ముకు నగలు తాకట్టు పెట్టి వచ్చారు. చావకముందు యెరూషలేము చూడకపోతే భక్తిలో ఏదో వెలితి ఉన్నట్టే అని వారికెవరో చెప్పారు. ఏ లేఖన భాగమూ అలా చెప్పదు. సమరయ స్త్రీకి యేసు చెప్పినది దానికి సరిగ్గా ఎదురు: 'ఈ పర్వతము మీదనైనను యెరూషలేములోనైనను మీరు తండ్రిని ఆరాధింపరు.' ఆ మాట చెప్పిన యాకోబు బావి నాబ్లసులో ఉంది. అది మా ప్యాకేజీలో లేదు. ఏ ప్యాకేజీలో ఉందో చూసుకుని వెళ్ళండి, అందుకు పదివేలు ఎక్కువ కట్టినా నష్టం లేదు.

మా అక్కకు యొర్దాను సీసా ఇచ్చాను. ఆమె దాన్ని బైబిలు పక్కన బల్ల మీద పెట్టుకుంది. నెల తిరిగేసరికి లోపల పచ్చటి పాకుడు పట్టింది. "ఒరేయ్, ఇదేం చేయమంటావు, తాగాలా, రాయాలా?" అని ఫోన్ చేసింది. నేను చెప్పలేకపోయాను. కరివేపాకు మొక్కకు పోసేశానని వారం తర్వాత ఆమే చెప్పింది.

వెళ్ళదలచినవారికి నా సలహా ఇది. ఈ సంస్థ ఏర్పాట్లు నమ్మదగినవే. కానీ ఆత్మీయ నాయకుణ్ణి వారు నియమించినవారిని కాక, మీ సంఘం నుంచి మీరే ఎంచుకోండి; పరిశుద్ధ సమాధి ఆలయానికి కనీసం మూడు గంటలు, దుకాణానికి అరగంట అని ముందుగా కాగితం మీద రాయించుకోండి; కరపత్రంలో ఆశీర్వాదాల వరుసకు బదులు వాక్యభాగాల వరుస వేయమనండి. చివరి రోజు కైరోలో మాకిచ్చిన అభిప్రాయ పత్రంలో హోటలు, భోజనం, బస్సు, గైడు అని నాలుగు గడులే ఉన్నాయి. ఈ మూడు మాటలూ దాని వెనుక రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

మూడు వారాలకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వెనుక రాసినది ఎవరూ తిప్పి చూసినట్టు లేదు. పాత యాత్రికులకు 5,000 రూపాయలు తగ్గించి, టర్కీలో ప్రకటన గ్రంథపు ఏడు సంఘాల యాత్ర వేస్తున్నామని చెప్పారు. నాకు నచ్చింది, కరపత్రం పంపమన్నాను. దీపస్తంభాన్ని దాని చోటనుండి తీసివేస్తానని ప్రభువు హెచ్చరించిన ఎఫెసుకు ఎదురుగా ఏ ఆశీర్వాదం అచ్చువేస్తారో చూడాలని ఉంది.